వారికి వారే కొలబద్ద

(మన సంఘ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



మన సంఘమందలి కుటుంబములలో కొన్నింట, నలువది, ఏబది ఏండ్లు నిండినను ఇంటిల్లిపాదికిని ‘బాబు’గనో ‘పాప’గనో మిగిలిపోయినవారు ఒకరుందురు. వారు పుట్టుకనుండియో పసితనమునుండియో బుద్ధి వికాసము మందగించినవారు. పెండ్లిలోనో పేరంటములోనో తల్లి కనబడినప్పుడు మనము ‘బాబు బాగున్నాడా అమ్మా?’ అని అడుగుదుము. ‘వాడి పాటికి వాడున్నాడు’ అని ఆమె చెప్పును. మాట అంతటితో ముగియును. నేడు మేము మీ ముందుంచు ప్రశ్న ఇంకొకటి. అతడు నిరుడు ఉన్నట్లే ఉన్నాడా? లేడని తోచినచో, ఆ తేడాను కొలుచుట ఎట్లు?

మేము వైద్యులము కాము. ఇట్టి కుటుంబములతో కలసి మెలసి ఉండి, తెలిసినవారి నడిగి, చదివి గ్రహించిన విషయములను మీతో పంచుకొనుచున్నాము.

ఈ ప్రశ్న మన తాతల కాలమున పుట్టుటకు అవకాశమే తక్కువ. మేధావైకల్యము గలవారు నాడు ముసలితనమును చూచుట అరుదు. డౌన్ సిండ్రోమ్ అను స్థితినే తీసికొనుడు. అమెరికాలో 1983 ప్రాంతమున అట్టివారి ఆయువు సగటున 25 ఏండ్లని లెక్కించిరి. నేడది 60 ఏండ్ల దరిదాపులకు వచ్చినది. పుట్టుకతో వచ్చిన గుండె లోపములకు శస్త్రచికిత్సలును, అంటురోగములకు మంచి మందులును లభించుటయు, వారిని సంస్థలలో పడవేయక ఇండ్లలో పెంచుటయు ఇందుకు ముఖ్య కారణములు. మన దేశమందును తలలు నెరసిన బిడ్డలను తలలు నెరసిన తల్లిదండ్రులు సాకుచున్న గృహములు నేడు కొత్త కాదు. ఆయువు పెరిగినది, సంతోషమే. దానివెంట వృద్ధాప్యపు వ్యాధులును వచ్చినవి. వానిలో చిత్తవైకల్యము, అనగా డిమెన్షియా, ఒకటి.

డౌన్ సిండ్రోమ్ గలవారి విషయమున ఈ భయము అధికము. దానికి కారణము తెలిసినదే. ప్రతి మనుష్యుని కణములోను 21వ క్రోమోజోము జంటగా ఉండును. వీరిలో అది మూడుగా ఉండును. దీనిని 1959లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జెరోమ్ లెజూన్ మున్నగువారు ప్రకటించిరి. ఆల్జీమర్స్ వ్యాధిలో మెదడున పేరుకొను అమిలాయిడ్ అను పదార్థమునకు మూలమైన జన్యువు ఈ క్రోమోజోము మీదనే ఉన్నది. కావున వీరి మెదడులో ఆ పదార్థము పుట్టినది మొదలు ఎక్కువగా తయారగుచుండును. 40 ఏండ్లు వచ్చునప్పటికి ఇంచుమించు అందరి మెదడులోను దాని మచ్చలు కనబడును. అయినను అందరికిని ఆ వయస్సుననే జబ్బు బయటపడదు. అనేకులకు ఏబది దాటిన తరువాత లక్షణములు కానవచ్చును. ఇతర కారణములచే మేధావైకల్యము కలిగినవారికిని వయస్సు మీరినకొలది ఈ వ్యాధి వచ్చు అవకాశము సామాన్య జనులకంటె ఎక్కువయే.

ఇక కొలుచుట సంగతి. మామూలు మనుష్యునకు మతిమరపు వచ్చినదని అనుమానము కలిగినప్పుడు వైద్యుడు కొన్ని ప్రశ్నలు వేయును. నేడు ఏ వారము? మనమున్నది ఏ ఊరు? నూరులోనుండి ఏడు తీసివేయుచు పొండు. మూడు మాటలు చెప్పెదను, తరువాత మరల చెప్పుడు. 1975లో అమెరికాలో వెలువడిన 30 మార్కుల పరీక్ష ఒకటి ఈ విధమైనదే. ప్రపంచమంతట అది వాడుకలోనికి వచ్చినది. ఇరువదినాలుగుకు తగ్గినచో సందేహింపవలెనని ఒక ఒరవడి ఏర్పడినది. ఆ ఒరవడి ఎక్కడిది? సామాన్యులైన పెద్దలు అనేకులను పరీక్షించి నిర్ణయించినది. తన ఇరువదియైదవ ఏటనే ఆ పరీక్షలో 12 మార్కులకు మించి పొందజాలని మనిషికి అది ఏమి చెప్పగలదు? నాడును తప్పినాడు, నేడును తప్పినాడు అని మాత్రమే చెప్పును. అతనికి నాడు 12 వచ్చి నేడు 7 వచ్చినచో, ఆ తగ్గిన అయిదే మనకు కావలసిన వార్త. నాటి 12 ఎక్కడను వ్రాసియుండనిచో ఆ వార్త మనకు అందదు.

బుద్ధి పరీక్షల కథయు ఇట్టిదే. 1905లో పారిస్ నగరమున బినే, సిమోన్ అను ఇరువురు, బడిలో వెనుకబడు పిల్లలను గుర్తించుటకై తొలి పరీక్షను కూర్చిరి. 1930ల దశకమున వి. వి. కామత్ గారు దానిని కన్నడ, మరాఠీ భాషల పిల్లలకు అనువుగా మార్చిరి. బినే–కామత్ పరీక్ష అను పేర అది మన దేశమున ఎన్నో ఏండ్లు వాడుకలో నిలిచినది. ఇవి పిల్లలను వయస్సునుబట్టి పోల్చుటకు పుట్టినవి. ఏబది ఏండ్ల మనిషిలో ఏటేట కలుగు తరుగును పట్టుకొనుటకు పుట్టినవి కావు. పెద్దలకై ఏర్పడిన వెక్స్‌లర్ పరీక్షలో నాలుగవ కూర్పు 40కి దిగువ లెక్క చూపదు. ఇద్దరు మనుష్యులు 40లో ఉన్నారని కాగితము చెప్పును. వారిలో ఒకరు వీధి చివరి అంగడికి పోయి నందిని పాల పొట్లము తేగలరు. మరియొకరు చెంబెడు నీళ్లు తానుగా పోసికొనజాలరు. కాగితమునకు ఇద్దరును ఒకటే. పాలు తెచ్చువారు ఆ దారి మరచిపోయిన నాడును కాగితము మారదు. తక్కెడలో అడుగు పళ్ళెము నేలకు తాకియున్నప్పుడు బరువు ఎంత పెరిగినను ముల్లు కదలదు గదా!

ఈ లోపమువలన రెండు విధములైన పొరపాట్లు జరుగుచున్నవి.

మొదటిది, మారినవారిని మారలేదనుట. ‘వాడి స్వభావమే అంత’ అనుచు సర్దుకొనుట. డౌన్ సిండ్రోమ్ గలవారిలో జ్ఞాపకము తగ్గుటకంటె ముందుగనే నడవడి మారవచ్చును. ఇష్టమైన పాట వినుటకు రాకపోవుట, చెప్పిన మాట పెడచెవిని పెట్టుట, ఊరకనే కోపగించుట, పనిని మధ్యలో వదలుట వంటివి మొదట కానవచ్చును. ఇంటివారు ‘మొండికెత్తినాడు’ అందురు, గద్దింతురు. వ్యాధిగ్రస్తుడు శిక్షను అనుభవించును. ఇంతకంటె అన్యాయము ఏమున్నది?

రెండవది, మారుటకు వేరు కారణముండగా అంతయు డిమెన్షియాయే అనుట. థైరాయిడ్ గ్రంథి మందగించినను మనిషి మందగించును. డౌన్ సిండ్రోమ్ గలవారిలో ఆ లోపము తరచుగా కనబడును. చెవిలో గుబిలి గట్టిపడినను, వినికిడి తగ్గినను పిలిచిన పలుకడు. కంటిలో శుక్లము వచ్చినచో మెట్లు దిగుటకు జంకును. నిద్రలో ఊపిరి ఆడకున్నచో పగలెల్ల కునికిపాట్లు పడును. బి-12 విటమిన్ తగ్గుట, మూర్ఛకు ఇచ్చు మందులు హెచ్చుట, పంటి నొప్పి, మలబద్ధకము, మనోవ్యాకులత, తండ్రి చనిపోయిన దుఃఖము, ఇవియన్నియు బుద్ధి తగ్గినట్లు కనబడజేయును. తనకు నొప్పి ఎక్కడనో చెప్పజాలని మనిషి నడవడితోనే చెప్పును. వీనిలో అనేకములు నయమగునవి. నయమగు జబ్బును నయము కానిదానిగా ముద్రవేసి మూల కూర్చుండబెట్టుట ఎంత దారుణమో ఆలోచింపుడు.

కావున కొలుచువారు పద్ధతి మార్చుకొనిరి. ఇతరులతో పోల్చుట మాని, ఆ మనిషిని అతని నిన్నటితోనే పోల్చసాగిరి. 2007లో బ్రిటనులో శౌమిత్ర దేబ్ మున్నగువారు ప్రకటించిన ప్రశ్నావళిని ఉదాహరణముగా చెప్పుదుము. అందు 53 అంశములున్నవి. ప్రశ్న వేయునది రోగిని కాదు, అతనిని చిరకాలముగా ఎరిగిన మనిషిని. మొదట, అతడు తన మంచి కాలమున ఎంతవరకు చేయగలిగెడివాడో అడుగుదురు. తరువాత ఒక్కొక్క లక్షణమును చెప్పి, ఇది ఎల్లప్పుడు ఉన్నదేనా, ఉన్నదే గాని ఇప్పుడు ముదిరినదా, కొత్తగా వచ్చినదా అని అడుగుదురు. దారి తప్పుట ఒకనికి పుట్టినది మొదలు ఉన్నదే కావచ్చును. అది లెక్కకు రాదు. మరియొకనికి ఈ దీపావళి తరువాత మొదలైనది కావచ్చును. అదియే లెక్కకు వచ్చును. అమెరికాలోను ఇట్టి పట్టికయే ఒకటి ఏర్పడినది. డౌన్ సిండ్రోమ్ గలవారికి 40వ ఏటనుండి ఏటేట దానిని పూర్తి చేయవలెనని దాని కర్తలు సూచించిరి. బ్రిటనులోని నిపుణులు 30 ఏండ్లకే ఒక ఆధార పరీక్ష చేసి ఉంచవలెనని చెప్పుచున్నారు. వీనికి తోడుగా, బొమ్మలు చూపి గుర్తుంచుకొనుమనుట, చిన్న చిన్న పనులు చేయించుట వంటి సులభ పరీక్షలను అదే మనిషికి కొంత కాలమునకు మరల పెట్టుదురు. ఒక్కసారి పెట్టినది కొలత కాదు. రెండవసారి పెట్టినప్పుడే మొదటిదానికి విలువ వచ్చును.

మన ప్రాంతమున ఈ సూత్రము ఎరుగనిది కాదు. భారతీయ విజ్ఞాన సంస్థలోని మెదడు పరిశోధన కేంద్రమువారు కోలారు జిల్లా శ్రీనివాసపురము తాలూకా గ్రామములలో 45 ఏండ్లు దాటినవారిని చేర్చుకొని, అదే మనుష్యులను ఏండ్ల తరబడి మరల మరల పరీక్షించుచున్నారు. అది సామాన్య జనులను గూర్చిన పని. అయినను నిన్నటి మనిషితో నేటి మనిషిని పోల్చుట అను నీతి అక్కడను ఒకటే. ఆ తాలూకాలో తెలుగు పలుకు ఇండ్లు ఎన్ని గలవో మీరెరుగుదురు.

ఇప్పుడు మనకు మాత్రమే సంబంధించిన చిక్కునకు వత్తుము. అది భాష.

బెంగుళూరు తెలుగువాని ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు. మేధావైకల్యము గల బిడ్డకు ఈ మూడును పొరలు పొరలుగా అంటుకొనియుండును. భోజనము చాలునని చెప్పుటకు అమ్మతో ‘చాలు’ అనును, పక్కింటి అవ్వతో ‘సాకు’ అనును. మన ఇండ్లలో కొందరు అమ్మతోను ‘సాకు’ అందురు. అది తప్పు కాదు, ఈయూరి తెలుగు అట్టిది. హైదరాబాదునుండి వచ్చిన పరీక్షకునకు ఆ మాట తెలియకపోవచ్చును. కన్నడము మాత్రమే తెలిసిన పరీక్షకునకు మిగిలిన మాటలు తెలియకపోవచ్చును. మొదటి పరీక్ష తండ్రి దుబాసీగా ఉండగా కన్నడమున జరిగి, అయిదేండ్ల తరువాతి పరీక్ష తెలుగున జరిగినచో, ఆ రెండింటి నడుమ తేడా మెదడుదా, భాషదా? చెప్పగలవారెవరు? దుబాసీలైన తల్లిదండ్రులు ప్రేమతో సగము జవాబును తామే అందించుటయు కలదు.

భాషకును మెదడు వృద్ధాప్యమునకును గల సంబంధమును మన తెలుగునాటి పరిశోధనయే లోకమునకు చాటినది. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి గారును వారి సహచరులును 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు పలుకువారిలో ఆ వ్యాధి నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా కానవచ్చినదని 2013లో ప్రకటించిరి. చదువురానివారిలోను ఆ తేడా కనబడినది. తరువాత ఆమె మన ఊరి నిమ్హాన్స్‌లో పనిచేసిరి. ఆ పరిశోధన మేధావైకల్యము గలవారిని గూర్చినది కాదు. కావున దానినిబట్టి మన బిడ్డలకు ఆశలు కట్టరాదు. కాని రోగి ఏయే భాషలను, ఎవరితో, ఎంతవరకు పలుకునో వ్రాసికొనని పరీక్ష కొరగాదని మాత్రము దానివలన గ్రహింపవచ్చును. భారత వైద్య పరిశోధన మండలివారు డిమెన్షియా పరీక్షల పెట్టెనొకదానిని హిందీ, బంగాళీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో తయారు చేయించిరి. తెలుగున అడుగుడని కోరుట అత్యాశ కాదనుటకు అదియే నిదర్శనము.

ఇక అసలు భయమును చెప్పెదము. మన బిడ్డల పూర్వ స్థితి ఎక్కడ వ్రాయబడియున్నది? తల్లి తలలో. ఆమె పోయిన నాడు అదియు పోవును. అప్పుడు బాబును అన్న తన ఇంటికి తీసికొనిపోవును. అది వైట్‌ఫీల్డులో పదునాలుగవ అంతస్తు. అచ్చటి పిల్లలు ఇంగ్లీషున మాటలాడుదురు. వదినెగారు మంచివారే, కాని బాబు ‘బువ్వ’ అనుటలో ఎన్ని అర్థములున్నవో ఆమెకు తెలియదు. ఆరు నెలలలో అతడు మాటలాడుట తగ్గించును. పక్క తడుపును. వైద్యుడు, ‘ఇంతకు ముందు ఎట్లుండెడివాడు?’ అని అడుగును. అన్నగారు, ‘అమ్మకే తెలియును’ అని చెప్పును. ఇది దుఃఖమా? భాష దొరకని మౌనమా? థైరాయిడా? ఆల్జీమర్సా? ఆ క్షణమున ఎంత గొప్ప ఆసుపత్రియైనను సగము గుడ్డిదే.

వైకల్య ధ్రువపత్రము ఉన్నది గదా అందురేమో. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మేధావైకల్యమును గుర్తించినది. ఆ పత్రము సౌకర్యములకు తప్పక కావలెను. అయితే అందు ఉండునది ఒక శాతము. శాతము దారి మరచుటను చెప్పదు. పత్రము పొందునప్పుడు మనస్తత్వ నిపుణులు వ్రాసిన పూర్తి నివేదికను, ఏ పరీక్ష, ఏ భాష, ఏ తేదీ అను వివరములతో అడిగి తీసికొని భద్రపరచుడు.

దానితోబాటు ప్రతి ఇంటను ఒక నోటుబుక్కు తెరువవలెనని మా మనవి. డౌన్ సిండ్రోమ్ గలవారికి 30 ఏండ్లు నిండినప్పుడే, ఇతరులకు 40 ఏండ్లకైనను ప్రారంభింపుడు. ఇప్పటికే వయస్సు మీరినచో నేడే ప్రారంభింపుడు. ప్రతి పుట్టిన రోజునను ఒకసారి వ్రాసిన చాలును.

అందు మొదట పలుకు: ఏ భాషలో ఎన్ని మాటలు కలిపి చెప్పును, ఎవరెవరిని పేరుతో పిలుచును, వారి సొంత మాటలకు అర్థమేమి. రెండవది నిత్యకృత్యములు: స్నానము, బొత్తాములు, భోజనము, పక్క దులుపుట. ఒక్కొక్కదానికి మూడు మెట్లు చాలును: తానుగా చేయును, చెప్పగా చేయును, చేయించవలెను. మూడవది దారియు కాలమును: అంగడికి పోయివచ్చునా, శుక్రవారమును గుర్తుపట్టునా. నాలుగవది ఇష్టాయిష్టములు. అయిదవది నిద్ర, నడక, బరువు, మూత్రముపై అదుపు. పెద్ద వయస్సున కొత్తగా మూర్ఛ వచ్చినచో దానిని తప్పక వ్రాసి, వెంటనే వైద్యునకు చూపుడు. ఆరవది చూపు, వినికిడి, థైరాయిడ్ పరీక్షల ఫలితములు, మందుల పేర్లు.

నేడు ప్రతివారి చేతిలోను ఫోను ఉన్నది. బాబును అడిగి, అతడు ఒప్పుకొన్న పిమ్మట, ఏటేట అవే అయిదు పనులను చేయుచుండగా పది నిమిషములు చిత్రించి ఉంచుడు. చొక్కా తొడుగుకొనుట, వత్తులు చేయుట, చిల్లర ఏరుట, ఇంటివారి బొమ్మలు చూచి పేర్లు చెప్పుట, మెట్లెక్కి దిగుట వంటివి చాలును. అదే భాష, అవే మాటలు, వీలైనచో అదే మనిషి, అదే వేళ. సాయము చేయక చూడుడు. సాయము చేసినచో ఎంత చేసితిరో వ్రాయుడు.

తేడా కనబడినచో ఆ పుస్తకముతో ముందు మీ వైద్యునికడకు పోయి నయమగు కారణములను వెదకించుడు. పిమ్మట నిమ్హాన్స్ వంటి చోటికి పోవచ్చును. వ్యాధి ఆల్జీమర్సే అని తేలినచో దానిని నిర్మూలించు మందు నేటికిని లేదు. మరి కొలిచిన ప్రయోజనమేమందురా? గద్దించుట ఆగును. కొత్త పనులు నేర్పవలెనను పట్టుదల పోయి, వచ్చిన పనులను నిలుపుకొను ప్రయత్నము మొదలగును. మ్రింగుటలో కష్టము, పడిపోవుట, మూర్ఛ రాగలవని ముందే తెలిసి జాగ్రత్తపడుదురు. ఇల్లు మార్చుట, మనుష్యులను మార్చుట వాయిదా వేయుదురు. ఇవి చిన్న మేలులు కావు.

1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము క్రింద, పదునెనిమిదేండ్లు దాటిన మేధావైకల్యుని కొరకు సంరక్షకుని నియమింప వీలున్నది. అట్టి కాగితములు సిద్ధము చేసికొను తల్లిదండ్రులారా, ఆస్తి పత్రములతోబాటు ఈ నోటుబుక్కును కూడ అప్పగింపుడు. ఇంటి హద్దులు తెలిసినంత మాత్రమున బిడ్డ తెలిసినట్లు కాదు.

సంఘమునకు మా ప్రార్థన రెండు. ఆసుపత్రికి పోవువారి వెంట తెలుగు, కన్నడములు రెండును బాగుగ తెలిసి, జవాబు అందింపక ఉన్నది ఉన్నట్లు చెప్పగల యువకులను కొందరిని సిద్ధము చేయవలెను. వ్రాతకోతలు రాని తల్లుల ఇండ్లకు వారే పోయి ఆ పుస్తకములను వ్రాసి పెట్టవలెను. ఈ వారమే ఆరంభించినచో మేలు. అనేక గృహములలో ఆ తల్లుల వయస్సు ఎనుబదికి సమీపించుచున్నది.